లాషియోను సైన్యం ‘విడిపించింది’ ఎప్పుడు?

సంపాదకులకు,

పది రోజుల కిందట మీ విదేశీ వార్తల పేజీలో మయన్మార్ మీద వచ్చిన కథనానికి సవరణ వేస్తారేమోనని ఇన్నాళ్లూ చూశాను. వేయలేదు. ‘తిరుగుబాటుదారుల చెర నుంచి లాషియోను సైన్యం విడిపించింది’ అట! అక్కడ ఆ పూట తూటా పేలితే కదా, విడిపించడానికి?

ఉత్తర షాన్ రాష్ట్రంలోని లాషియో 2024 ఆగస్టు 3న సైన్యం చేజారింది. మామూలు ఊరు కాదు, సైన్యపు ఈశాన్య కమాండ్ కేంద్రం. ఉన్న 14 ప్రాంతీయ కమాండ్లలో తిరుగుబాటుదారులకు చిక్కిన మొదటిది. దాన్ని పట్టుకున్న, చైనా సరిహద్దులోని కోకాంగ్ ప్రాంతపు తిరుగుబాటు సేన (ఎంఎన్‌డీఏఏ) 2025 ఏప్రిల్‌లో, చైనా పర్యవేక్షకులు దగ్గరుండి చూస్తుండగా, అద్దె ఇల్లు ఖాళీ చేసినట్టు ఖాళీ చేసి వెళ్లింది. అంతకుముందు చైనా నెలల తరబడి తన సరిహద్దు గేట్లు మూసేసింది. కోకాంగ్‌కు కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్ ఆపేసింది. పెట్రోలు, మందులు, సరుకులు చైనాలోని యునాన్ వైపు నుంచి రావలసిన కొండ ప్రాంతమది. గేటు పడితే ఎంత తుపాకీ ఉన్నా ఏం లాభం? ఇందులో సైన్యం ‘విడిపించినది’ ఏమిటో మీ డెస్కే చెప్పాలి.

ఇంకో ఘనత. ‘ఆపరేషన్ 1027’ అంటే 1,027 మంది చేసిన దాడి అని అర్థమొచ్చేలా రాశారు. అది తేదీ మహాప్రభో! పదో నెల, 27వ తేదీ, 2023. ఆ తెల్లవారుజామున కోకాంగ్, తాంగ్ (టీఎన్ఎల్ఏ), అరకాన్ సేనలు మూడూ కలిసి ఉత్తర షాన్‌లో ఒకేసారి దెబ్బకొట్టాయి. ముందు చిన్‌ష్వేహా సరిహద్దు పట్టణం, లాషియో నుంచి చైనాకు పోయే రోడ్లు. రోడ్డు తెగితే కొండల మీది సైనిక శిబిరాలకు హెలికాప్టరే దిక్కు. పేరుకు బెటాలియన్, లోపల సగం మంది కూడా ఉండరు. అలాంటి శిబిరం మీద పొలాల్లో మందు కొట్టే డ్రోన్లకు బాంబులు కట్టి వదిలారు. పైకప్పు లేని కందకంలో కూర్చున్నవాడికి ఇసుక బస్తా అడ్డమవుతుందా? 2024 జనవరి మొదట్లో కోకాంగ్ ముఖ్యపట్టణం లౌకాయ్‌లో రెండు వేల మందికి పైగా సైనికులు, ఆరుగురు బ్రిగేడియర్ జనరళ్లతో సహా, ఆయుధాలు దించారు. ఆ జనరళ్లలో ముగ్గురికి సైన్యమే మరణశిక్ష వేసింది.

మీ కథనంలో ఈ మూడు తిరుగుబాటు సేనలూ కలిపి ‘ప్రజాస్వామ్య సేన’ ఒక్కటే. కోకాంగ్ వాళ్లకు కావలసింది 2009లో పోయిన సొంత గడ్డ. అరకాన్ సేన కన్ను పడమటి తీరంలోని రఖైన్ మీద. తాంగ్ వాళ్ల లెక్క వేరు. చైనా మొదట్లో చూసీచూడనట్టు ఊరుకున్నది కూడా లౌకాయ్‌లోని సైబర్ మోసాల ముఠాల మీద కోపంతోనే. ఆ పని అయ్యాక ఇక చాలంది.

అన్నట్టు, మన తెలుగు కుర్రాళ్లు చిక్కుకున్న మ్యావడీని కూడా ఈ కథలోకి లాగారు. లౌకాయ్ చైనా సరిహద్దు, మ్యావడీ థాయ్ సరిహద్దు. అక్కడి మోసాల కేంద్రాలకు కాపు కాసింది సైన్యంతోనే అంటకాగిన కరెన్ సరిహద్దు దళం. తేడా తెలియకపోతే, ‘థాయ్‌లాండ్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగం’ అని పంపుతున్న ఏజెంటు ఏ దారిన తీసుకెళ్తాడో కన్నవాళ్లకు ఎలా తెలుస్తుంది? విమానం బ్యాంకాక్‌కు, అక్కడి నుంచి కారులో సరిహద్దు ఊరు మే సోత్, రాత్రికి మోయి నది దాటించి మ్యావడీ చేర్చడం. ఈ మూడు ముక్కలు వేస్తే ఏ తల్లో జాగ్రత్త పడేది. అధికారులు మటుకు, కుర్రాళ్లు విమానం దిగాక ఫొటోలకు వరసగా నిలబడతారు. ఆ ఫొటో మాత్రం మీరు నాలుగు కాలమ్‌లు వేస్తారు!

ఉత్తరాంధ్రలో ఇంటికొకరు ‘రంగం’ (రంగూన్) వెళ్లొచ్చిన రోజుల్లో బర్మాలో ఏ ఊరు ఎక్కడుందో చదువు రానివాళ్లకూ తెలిసేది. మీ డెస్క్‌లో ఒక్క పటమైనా గోడకు తగిలించండి. లాషియో మీద సవరణ ఎప్పుడు వేస్తారో కూడా చెప్పండి.

— ఒక పాఠకుడు, విశాఖపట్నం