కెమెరా పెట్టాం సరే, పాస్‌వర్డ్ మార్చామా?

సంపాదకులకు నమస్కారం.

దొంగల భయంతో షాపుల్లో, ఇళ్లలో అందరూ సీసీ కెమెరాలు పెట్టిస్తున్నారు, మంచిదే. కానీ కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్‌ని అలాగే వదిలేస్తే, ఇంటర్నెట్‌లో ఎక్కడో కూర్చున్నవాడు కూడా అందులోకి దూరొచ్చు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్, అంటే హాని చేసే ప్రోగ్రామ్, చేసింది అదే. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు వరసగా ప్రయత్నించి లక్షల కెమెరాలు, రికార్డర్లు, రౌటర్లలోకి చొరబడింది, ఆ అక్టోబర్‌లో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి చాలామందికి అందకుండా పోవడానికి కారణం, ఇలా చిక్కిన పరికరాలు ఒక్కసారిగా పంపిన రిక్వెస్టుల వరదే. పాపం ఆ పరికరాల యజమానుల్లో చాలామందికి తెలియను కూడా తెలియదు!

ఇంకోటి, చాలా రికార్డర్లలో హార్డ్‌డిస్క్ నిండగానే పాత ఫుటేజీ చెరిగిపోతుంది. దొంగతనం జరిగిన చాన్నాళ్లకు వెతికితే ఏం దొరుకుతుంది? రికార్డర్‌లో టైమ్ తప్పుగా ఉంటే మరీ టెన్షన్. బిగించేవాళ్లు వెళ్లేలోపే ఇవన్నీ అడిగి సరిచేయించుకోవాలి, పాస్‌వర్డ్ మాత్రం వాళ్లని పక్కకి చూడమని మనమే కొట్టాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు