సంతకం దొరకని కౌలు రైతు

సంపాదకులకు,

గోదావరి డెల్టాలో సార్వా (ఖరీఫ్) పంటకైనా దాళ్వా (రబీ) పంటకైనా చేలో దిగేవాళ్లలో ఎక్కువ మంది కౌలుదారులే. సెంటు భూమి లేని దళిత, వెనుకబడిన కులాల కుటుంబాలు వీరిలో ఎన్నో ఉన్నాయి. వీరి మేలు కోరి 2019లో తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం, 11 నెలల ఒప్పందంపై భూయజమాని సంతకం చేస్తేనే సాగు హక్కు పత్రం వస్తుంది. అంతకుముందు 2011 నాటి చట్టం కింద ఆ సంతకం లేకపోయినా రెవెన్యూ సిబ్బంది ఊళ్లో విచారించి రుణ అర్హత కార్డు ఇవ్వగలిగేవారు. ఆ కార్డు చూసి బ్యాంకులు అప్పులిచ్చింది తక్కువే అనుకోండి, అయినా అడగడానికి ఒక ఆధారమంటూ ఉండేది.

మా ఊరి కాలనీలో ఒకతను రెండున్నర ఎకరాలు మక్తాకు, అంటే ఇన్ని బస్తాలని ముందే ఖాయం చేసుకున్న కౌలుకు, చేస్తున్నాడు. ఒప్పందం నోటిమాటే. యజమాని హైదరాబాదులో ఉంటారు. పత్రం సంగతి ఎత్తితే, "మన మధ్య కాగితాలెందుకు, చేసుకో" అంటారు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకు కోతకొచ్చిన చేను పడిపోయి, నీళ్లలో నానిన వెన్నులు అక్కడికక్కడే మొలకెత్తాయి. నష్టం రాసుకోవడానికి వచ్చినవారు ఈ-పంటలో, అంటే ఏ చేలో ఎవరు ఏ పంట వేశారో రాసే ప్రభుత్వ నమోదులో, ఉన్న యజమాని పేరే రాసుకున్నారు, పంట నష్టానికిచ్చే పెట్టుబడి రాయితీ ఆ యజమాని ఖాతాలో పడింది. ఆయన చెడ్డవారేమీ కాదు, మక్తాలో రెండు బస్తాలు తగ్గించారు. ఆ మాత్రానికే ఇతను సంక్రాంతికి ఆయన ఊరొస్తే అరటిగెల మోసుకెళ్లి ఇచ్చి వచ్చాడు.

కౌలుదారు పేరు కాగితం మీదికెక్కితే భూమి చేజారుతుందన్న భయం యజమానులకు తాతల నాటి నుంచీ ఉంది. హక్కు పంట మీదే తప్ప భూమి మీద కాదని 2019 చట్టం స్పష్టంగా చెబుతున్నా, ఆ సంగతి వారికి విడమరిచి చెప్పే పని మాత్రం ఎవరూ నెత్తిన వేసుకోలేదు. బ్యాంకు గడప ఎక్కలేని కౌలుదారు ఎరువుల కొట్టులో అరువు పెట్టి, కళ్లంలోనే ధాన్యం ఆ కొట్టువారికి కొలిచి తీరుస్తాడు. పీఎం కిసాన్ కింద ఏడాదికి వచ్చే రూ.6,000 కూడా పట్టా ఉన్నవారికే.

ఎవరు సాగు చేస్తున్నారో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. నాట్ల రోజుల్లో గట్టు మీద నిలబడి సరిహద్దు రైతులను అడిగితే చాలు. వారి వాంగ్మూలం తీసుకుని, గ్రామసభలో చదివి వినిపించి, అభ్యంతరాలకు గడువిచ్చి, యజమాని సంతకం లేకుండానే పత్రం ఇచ్చేలా చట్టాన్ని సవరించాలని, వచ్చే సార్వా ఈ-పంట నమోదు మొదలయ్యేలోగా ఆ పని జరగాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
అమలాపురం