తేమ తగిలితే రవ్వ రాలని లైటరు: ఒక ఫిర్యాదు లేఖ

కావలి,
శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా,
19 జనవరి 2025.

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: ప్రయాణాల్లో వాడే చిన్న గ్యాస్ స్టవ్వుల కోసమని మీరు అమ్మిన జెట్ లైటరు తేమలో పనిచేయకపోవడం, దాని పెట్టె మీది ప్రకటన, మీ సహాయ కేంద్రం ఇచ్చిన జవాబు గురించి.

అయ్యా,

నేను ఉన్నత పాఠశాలలో ముప్పై ఒక్క ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. మా ఊరి నడక బృందంతో ఏటా రెండు మూడు సార్లు కొండలకో సముద్రతీరానికో వెళ్తుంటాను. గత నవంబరులో మీ వెబ్‌సైటులో రూ. 1,149 చెల్లించి ఈ లైటరు తెప్పించుకున్నాను. గాలికి ఆరదనీ, వానకు బెదరదనీ, ఇది ఉంటే సంచిలో వేరే నిప్పు అవసరం లేదనీ దాని పెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చువేశారు. మొదటి రెండు మాటల సంగతి ఎలా ఉన్నా, మూడో మాట నమ్మి అగ్గిపెట్టె కూడా తీసుకోకుండా బయలుదేరడం నా పొరపాటని ఒప్పుకుంటున్నాను.

డిసెంబరు మూడో వారంలో తొమ్మిది మందిమి ఉదయగిరి దుర్గం ఎక్కాలనుకున్నాం. అడవిలో నిప్పు రాజేయకూడదు గనుక, కొండ దిగువన తెలిసినవారి బత్తాయి తోటలో రాత్రికి పడుకుని, తెల్లవారుజామున అక్కడే ఉప్మా, టీ కానిచ్చి బయలుదేరేటట్టు ఏర్పాటు చేసుకున్నాం. ముందురోజు సాయంత్రం జల్లు పడింది. నాలుగున్నరకు లేచేసరికి గుడారాల మీదా సంచుల మీదా మంచు నీళ్లై కారుతోంది. మీ లైటరు మీట నొక్కితే గ్యాసు బుసబుసమని వచ్చింది, లోపల టక్కుమన్న చప్పుడూ వినిపించింది గానీ మంట మాత్రం రాలేదు. బట్టతో తుడిచాం, చంకలో పెట్టుకుని వెచ్చబరిచాం, ఒకరి తర్వాత ఒకరం నొక్కి చూశాం.

ఈ లేఖ రాయడానికి అసలు కారణం ఆ తర్వాత జరిగింది. మా బృందంలోని ఒక కుర్రవాడు స్టవ్వు తిప్పి, బర్నరు దగ్గర మీ లైటరు పట్టుకుని ఏడెనిమిది సార్లు వరుసగా నొక్కాడు. స్టవ్వు డబ్బాలో ఉండే ప్రొపేను, బ్యూటేను వాయువులు గాలికంటే బరువైనవి కాబట్టి, బయటికి వచ్చినది పైకి పోకుండా గాలి అడ్డం కోసం కట్టిన రేకు మధ్యలోనే పేరుకుంది. ఏడోసారో ఎనిమిదోసారో రవ్వ రానే వచ్చింది, వచ్చీ రాగానే ఆ గ్యాసంతా ఒక్కసారిగా భగ్గుమంది. అతని ముంజేతి మీది వెంట్రుకలు మాడిపోయాయి. ముఖం వంచి ఉంటే ఏమయ్యేదో మీరే ఊహించగలరు. అసలు వెలగని లైటరు కంటే, ఎప్పుడు వెలుగుతుందో తెలియని లైటరు ఎక్కువ ప్రమాదకరమని ఇన్నేళ్లు పాఠాలు చెప్పిన నాకు ఆ రోజే బోధపడింది.

వెంటనే స్టవ్వు కట్టేసి, రేకు తీసి, గ్యాసు చెదిరిపోయేదాకా ఆగాం. తెల్లవారాక గొర్రెలు తోలుకుని అటుగా పోతున్న కాపరి ఒకాయన మా అవస్థ చూసి, రొంటిలోంచి బంకుల్లో అమ్మే చక్రం లైటరు ఒకటి తీసి, "దీంట్లో గ్యాసు అయిపోయుండాది సార్, రాయి మాత్రం ఉండాది" అంటూ ఇచ్చారు. ఆ ఉత్త రాయి రవ్వలకే మా స్టవ్వు మొదటిసారికే అంటుకుంది. కృష్ణదేవరాయలు 1514లో ఆ దుర్గాన్ని పట్టుకోవడానికి ముందు ఏడాదిన్నర ముట్టడి చేయవలసి వచ్చిందంటారు. కాపరి రాకపోతే మేము టీ నీళ్లకు ఎంతకాలం ముట్టడి చేసేవాళ్లమో తెలియదు.

ఇంటికి వచ్చి మీ సహాయ కేంద్రానికి రాస్తే, చలికి లైటరులోని గ్యాసు పీడనం తగ్గి ఉంటుందనీ, లేదా నేను నాసిరకం గ్యాసు నింపి ఉంటాననీ జవాబు వచ్చింది. రెండూ నిలిచే మాటలు కావు. బ్యూటేను మరిగే ఉష్ణోగ్రత సుమారు మైనస్ 0.5 డిగ్రీల సెల్సియస్. అంత చలి నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలో ఏ డిసెంబరులోనూ ఉండదు. పైగా గ్యాసు రాలేదని నేను ఫిర్యాదు చేయలేదు, రవ్వ రాలేదని చేశాను. ఇక నేను నింపిన గ్యాసంటూ ఏదీ లేదు, మీరు నింపి పంపినదే ఇంకా సగానికి పైగా ఉంది.

లోపం ఎక్కడుందో ఇంట్లోనే పరీక్షించి చూశాను. మధ్యాహ్నం పొడి గదిలో ముప్పై సార్లు నొక్కితే ముప్పై సార్లూ వెలిగింది. రాత్రంతా డాబా మీద మంచులో ఉంచి తెల్లవారి నొక్కితే, ముప్పైలో నాలుగు సార్లు వెలిగింది. మైపాడు తీరానికి తీసుకెళ్లి సాయంత్రం ఉప్పుగాలిలో చూసినప్పుడూ ఇంచుమించు అంతే. మీ లైటరులో ఉన్నది పీజో పరికరం. ఒత్తిడి తగిలిన స్ఫటికంలో విద్యుత్తు పుడుతుందని క్యూరీ సోదరులు 1880లో గుర్తించిన ధర్మం మీదే అది పనిచేస్తుంది. స్ప్రింగుతో లాగివదిలిన చిన్న సుత్తి పీజో దిమ్మను కొట్టగానే కొన్ని వేల వోల్టులు పుట్టి, తీగ కొస నుంచి లోహపు మూతికి రవ్వగా దూకాలి. ఆ రెంటి మధ్య ఉన్న ప్లాస్టిక్ మీద నీటిపొర ఏర్పడితే విద్యుత్తు దూకకుండా ఆ పొర వెంటే జారిపోతుంది. మీ లైటరులో తీగ కొస బయటికి తెరిచి ఉంది, మూతకు రబ్బరు పట్టీ లేదు. వానకు బెదరదన్న మాట దేన్ని చూసి రాశారో నాకు అర్థం కాలేదు. కాపరి ఇచ్చినలాంటి చెకుముకి రాయి లైటరుకు ఈ ఇబ్బంది తక్కువ. తడిసినా చక్రం తుడిచి ఆరబెడితే మళ్లీ రవ్వలు రాలుతాయి.

పీజో లైటరు పనికిరాదని నేను అనడం లేదు. వంటింట్లో దానికి తిరుగులేదు. కొండల్లోకి వెళ్లేవారికి దాన్ని ఏకైక నిప్పుగా అమ్మడమే తప్పు. అందుచేత, నేను చెల్లించిన సొమ్ము పూర్తిగా తిరిగి ఇవ్వాలనీ, వేరే నిప్పు అక్కర్లేదన్న వాక్యాన్ని పెట్టె మీదా వెబ్‌సైటులోనూ తొలగించి, తేమలో రవ్వ రాకపోవచ్చుననీ, చెకుముకి లైటరో తడవకుండా చుట్టిన అగ్గిపెట్టో వెంట ఉంచుకోవాలనీ, రెండు మూడు సార్లకు వెలగకపోతే స్టవ్వు కట్టేసి ఆగాలనీ తెలుగుతో సహా భారతీయ భాషల్లో ముద్రించాలనీ కోరుతున్నాను. లైటర్లపై కేంద్ర ప్రభుత్వం 2023లో నాణ్యతా నియంత్రణ ఆదేశం జారీ చేసింది. ఈ పెట్టె మీద ఐఎస్ఐ గుర్తు గానీ, లైటర్ల భద్రతకు సంబంధించిన ఐఎస్ఓ 9994 ప్రమాణం ప్రస్తావన గానీ కనిపించలేదు. మీకు లైసెన్సు ఉంటే దాని సంఖ్య తెలపగలరు.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, నెల లోపల పరిష్కరించాలి. ఈ లేఖ అందిన నెలలోగా తగిన జవాబు రాకపోతే, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద మా జిల్లా కమిషనులో ఫిర్యాదు దాఖలు చేస్తాను. నివాసమున్న జిల్లాలోనే దాఖలు చేసే వీలు ఆ చట్టంలో ఉంది కాబట్టి నాకు అది పెద్ద శ్రమ కూడా కాదు.

చివరగా, పరీక్ష కోసం లైటరును కొరియరులో పంపమని మీ సహాయ కేంద్రం వారు రాశారు. ఇక్కడి కొరియరు వారు గ్యాసున్న లైటరును ముట్టుకోమన్నారు, వారు అలా అనడం సబబే. తపాలాలోనూ అది నిషిద్ధ వస్తువే. లైటరు, దాని పెట్టె నా దగ్గర భద్రంగా ఉన్నాయి. మీ మనిషి ఎవరైనా వచ్చి రశీదు ఇచ్చి తీసుకువెళ్లవచ్చు. వచ్చేవారు తెల్లవారుజామున వస్తే డాబా మీదే పరీక్ష చేసి చూపిస్తాను.

ఇట్లు,
భవదీయుడు,
విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, కావలి.

జతపరచినవి: కొనుగోలు బిల్లు నకలు, పెట్టె నాలుగు వైపుల ఫొటోలు, మీ సహాయ కేంద్రంతో జరిగిన ఉత్తరప్రత్యుత్తరాల నకళ్లు.