చందమామకి ఖాతా ఎవరిస్తారు సార్?

అంతరిక్ష శాఖ కార్యదర్శి గారికి,

నమస్కారం సార్. బెంగళూరు మారతహళ్లి నుంచి రాస్తున్నాను. పెళ్లిరోజు కానుకగా మా బావగారు అక్క పేరు మీద చంద్రుడి మీద ఒక ఎకరం కొన్నారు, ఆన్‌లైన్‌లోనే, ఫ్రేమ్ కట్టిన పత్రం కూడా వచ్చింది. ఈ ఊళ్లో సైటు కొనాలంటే ఖాతా, అంటే కార్పొరేషన్ ఆస్తి రికార్డు, ఎ ఖాతానా బి ఖాతానా, ఈసీ (ఆస్తి మీద అప్పులున్నాయో లేదో చూపే పత్రం) తీశావా అని నెల రోజులు ప్రాణం తీసే మనిషి, పైన భూమికి మాత్రం ఏమీ అడగలేదు! రాముడికి అద్దంలో చందమామని చూపించినట్టే అయింది ఆయన పని.

1967 నాటి అంతరిక్ష ఒప్పందం రెండో అధికరణం ప్రకారం చంద్రుణ్ని ఏ దేశమూ సొంతం చేసుకోవడానికి వీల్లేదు. మనమూ అందులో ఉన్నాం. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగిన చోటుకి శివశక్తి అని పేరు పెట్టుకున్నాం కానీ ఆ చోటు మనది కాదు. దేశానికే లేని హక్కు వెబ్‌సైటుకి ఎక్కడిది?

నా అసలు టెన్షన్ తవ్వకాల గురించి. నేల ఎవరిదీ కాదంటూనే తవ్వి తీసింది కంపెనీదే అని అమెరికా 2015లో చట్టం చేసింది, తర్వాత లక్సెంబర్గ్, జపాన్ కూడా. చంద్రుడి మీద వనరులు మానవాళి అందరి ఉమ్మడి సొత్తు అనే 1979 చంద్ర ఒప్పందం మీద మనం సంతకం పెట్టి ఆమోదించకుండా వదిలేశాం, 2023లో మాత్రం, వనరులు తవ్వి తీసుకోవడం తప్పు కాదనే అమెరికా ఆధ్వర్యంలోని ఆర్టెమిస్ ఒప్పందాల్లో చేరాం. రెండూ ఒకే దారిలో లేవు కదా సార్? 2017లో ముసాయిదాగా వచ్చిన అంతరిక్ష కార్యకలాపాల బిల్లు ఏమైంది?

తెలుగులో జవాబిస్తే బావగారికి చదివి వినిపిస్తాను, ఆ పత్రం ఇంకా హాల్లోనే వేలాడుతోంది.