గాయపడినవారికి న్యాయ సహాయం తెలుగులో అందాలి

సంపాదకులకు నమస్కారం.

ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడి బజారులో పాత మేడల కింద నడిచేవారు ఒక్కసారి తలెత్తి చూస్తే, పెచ్చులూడి, తుప్పుపట్టిన చువ్వలు బయటపడిన సజ్జలు కనిపిస్తాయి. ఇటీవలి వానల్లో అలాంటి ఒక సజ్జ కూలి, దాని కింద రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకునే మా వీధి ఆవిడకు తుంటి ఎముక విరిగింది. ఆమెను శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకువెళ్లారు. ఆమె ఇంకా మంచం మీద ఉండగానే యజమాని తరఫు మనిషి ఒకరు కొంత డబ్బు, ఒక స్టాంపు కాగితం పట్టుకుని వచ్చారు. ఒడియా ధారాళంగా మాట్లాడినా చదవలేని ఆవిడ, మందుల ఖర్చుకైనా వస్తుందని ఆ డబ్బు పుచ్చుకుని వేలిముద్ర వేసింది. ఇకపై ఏ పరిహారమూ కోరనని అందులో రాసి ఉన్న సంగతి ఇంటికి వచ్చాక మరొకరు చదివి చెబితే గాని తెలియలేదు.

దారి పక్క కట్టడం కూలితే యజమాని బాధ్యత ఎంతవరకు అన్నది న్యాయస్థానాలు ఎన్నడో తేల్చాయి. ఢిల్లీ చాందినీ చౌక్‌లో 1951లో గడియార స్తంభం కూలి మనుషులు చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు 1966లో తీర్పునిస్తూ, అది కూలిన తీరే నిర్లక్ష్యాన్ని సూచిస్తుందని, లోపం పైకి కనబడలేదన్న కారణంతో యజమాని తప్పించుకోలేడని చెప్పింది. మోసంతో వేయించుకున్న వేలిముద్ర కూడా కాంట్రాక్టు చట్టం ముందు నిలవదు గాని, ఆ మోసాన్ని నిరూపించే భారం మళ్లీ ఆవిడ మీదే పడుతుంది.

మా వంటి సరిహద్దు ఊళ్లలో చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. ప్రమాదం ఒడిశాలో, వైద్యం ఆంధ్రలో. ఫిర్యాదు ఏ స్టేషన్‌లో ఇచ్చినా తీసుకోవాలని నేర విచారణ పద్ధతిని నిర్దేశించే చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి శ్రీకాకుళంలో చేరినవారు అక్కడే ఫిర్యాదు ఇవ్వవచ్చు, అది తర్వాత ఇక్కడికి బదిలీ అవుతుంది. పరిహారం దావా మాత్రం గాయం జరిగిన చోట గాని, ప్రతివాది నివసించే చోట గాని వేయాలి. అంటే తెలుగు తప్ప చదవలేనివారు ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ నడిచే కాగితాలతో పోరాడాలి. గాయపడినవారు మరణిస్తే, వారి కుటుంబం 2 ఏళ్లలోపు దావా వేయకపోతే గడువు దాటిపోతుంది.

1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు, పిల్లలకు, షెడ్యూల్డ్ కులాల, తెగల వారికి, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలి. వకీలు, కోర్టు ఫీజు మాత్రమే గాక పత్రాల అనువాదం కూడా ఆ సహాయంలో భాగమే. ఆవిడకు ఈ హక్కు ఉందని ఆసుపత్రిలో ఒక్కరు చెప్పినా ఆ వేలిముద్ర పడేది కాదని నా నమ్మకం. రాజీ పడడం తప్పని నేను అనడం లేదు. పడేదేదో వివాదాలను రాజీతో తేల్చే లోక్ అదాలత్‌లో పడితే, అక్కడి అవార్డు, అంటే తీర్పు, సివిల్ కోర్టు డిక్రీతో సమానం కనుక, ఒప్పుకున్న సొమ్ము ఎగ్గొట్టడం యజమానికి కష్టమవుతుంది. అయితే దానిపై అప్పీలు ఉండదు కనుక షరతులన్నీ ముందే తెలుగులో చదివి వినిపించాలి.

అందుకే గజపతి, రాయగడ, గంజాం జిల్లాల న్యాయ సేవా సంస్థలకు నా విన్నపం. తెలుగు చదవగల పారా లీగల్ వాలంటీర్లను, అంటే న్యాయ సహాయం పొందే దారి చూపే శిక్షణ పొందిన కార్యకర్తలను నియమించి, ఇటు జిల్లా ఆసుపత్రులలోనూ, శ్రీకాకుళం సంస్థతో మాట్లాడుకుని అటు ఆసుపత్రిలోనూ వారానికి కొన్ని రోజులైనా కూర్చోబెట్టాలి. న్యాయ సహాయం కోసం ఉన్న ఉచిత ఫోను నంబరు 15100ను ఎముకల వార్డుల గోడల మీద తెలుగులో రాయించాలి. ఇటువంటి ప్రమాదం జరిగిన ఇళ్లవారు శిథిలాలు ఎత్తేయకముందే ఫొటోలు తీసుకోవాలని, ఆసుపత్రి చీటీలన్నీ దాచుకోవాలని, చదవలేని కాగితం మీద వేలిముద్ర వేయవద్దని మీ పత్రిక ద్వారా తెలియజేయమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా