డిశ్చార్జి తర్వాత దిక్కెవరు?

సంపాదకులకు,

మానసిక రోగుల్లో ఎవరు మళ్లీ ఆస్పత్రిలో చేరే ప్రమాదం ఉందో వైద్య రికార్డులను బట్టి కంప్యూటరే ముందుగా అంచనా వేస్తుందంటున్నారు. మంచిదే. గతంలో ఎన్నిసార్లు చేరారు, మందులు మధ్యలో మానేశారా, తాగుడు అలవాటుందా అన్నవే దానికి ముఖ్యమైన ఆధారాలు. మన దగ్గర అవి చాలావరకు ఓపీ చీటీ మీద గొలుసుకట్టు రాతలో ఉంటాయి, అదీ చీటీ దొరికితే! మా వీధిలో ఒకావిడ కొడుకును రెండోసారి చేర్పించేటప్పుడు పాత మందుల పేర్లు చెప్పలేక ఖాళీ మాత్రల షీట్లు చూపించింది.

డిశ్చార్జికి ముందే తదుపరి చికిత్స ప్రణాళిక సిద్ధం చేయాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 98వ సెక్షన్ చెబుతోంది. ముందు దాన్ని అమలు చేయండి. ప్రమాదంలో ఉన్నాడని తేలిన రోగి ఇంటికి ఫోన్ చేసే మనిషే లేకపోతే ఆ అంచనా ఎందుకు? పైగా ఆ వివరాలు ఉద్యోగమిచ్చేవాళ్ల చేతికి చిక్కకుండా చూడాలి.

– ఓ పాఠకురాలు, వరంగల్