కోడింగ్‌ను కెమిస్ట్రీ పీరియడ్‌లోకి తీసుకురండి

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ ప్రాంతాల్లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పిల్లలు ఎందరో సాయంత్రం ఒకచోట కోడింగ్ క్లాసుకూ, మరోచోట కెమిస్ట్రీ ట్యూషన్‌కూ వెళుతున్నారు. మిడిల్ స్టేజ్ (ఆరు నుంచి ఎనిమిదో తరగతి) నుంచే కోడింగ్‌ను పరిచయం చేయాలని 2020 జాతీయ విద్యా విధానం సూచించింది. కానీ కోడింగ్ క్లాసుల్లో ఎక్కువగా చేయించేది ఆటలు, యాప్‌లు. కెమిస్ట్రీ మాత్రం సూత్రాలు బట్టీ పట్టించే పద్ధతిలోనే సాగుతోంది. ఈ నగరంలో పీయూ (మన ఇంటర్‌కు సమానమైన ప్రీ-యూనివర్సిటీ) విద్యార్థులకు కెమిస్ట్రీ బోధిస్తున్న నేను, ఉపాధ్యాయులు తమ పీరియడ్‌లోనే పిల్లల చేత చిన్న ప్రోగ్రాములు రాయించాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

టైట్రేషన్ (ఒక ద్రావణాన్ని మరోదానిలో కొద్దికొద్దిగా కలుపుతూ గాఢత కనుక్కునే ప్రయోగం) సంగతే చూడండి. 25 మిల్లీలీటర్ల 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలోకి బ్యూరెట్ నుంచి అంతే గాఢత గల సోడియం హైడ్రాక్సైడ్‌ను వదులుతూ, ఫినాల్ఫ్తలీన్ అనే రంగు సూచిక గులాబి రంగుకు తిరగగానే ఆపి రీడింగ్ రాసుకోవడం పిల్లలకు వచ్చు. ఒక్క చుక్కకే రంగు ఎందుకు తిరిగిందని అడిగితే మాత్రం మౌనమే సమాధానం. ఈ ప్రయోగపు లెక్కను పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పది పదిహేను వరుసల్లో రాయిస్తే, 24 మిల్లీలీటర్లు దిగేవరకూ పీహెచ్ (హైడ్రోజన్ అయాన్ల గాఢతకు లాగరిథం తీసి లెక్కించే ఆమ్లత్వపు కొలత) 1 నుంచి 2.7కు మాత్రమే వచ్చిందనీ, 24.95 దగ్గర 4గా ఉన్నది 25.05 దగ్గరికి వచ్చేసరికి 10కి ఎగబాకిందనీ, అంటే సుమారు రెండు చుక్కల తేడాలో ఆరు అంకెలు పెరిగిందనీ విద్యార్థి తాను గీయించిన గ్రాఫులోనే చూస్తాడు. ఫినాల్ఫ్తలీన్ రంగు మారే పరిధి, సుమారు 8.3 నుంచి 10 వరకు, ఆ నిట్టనిలువు గీత మీదే ఉంది.

నా దృష్టిలో ఇంతకన్నా విలువైనది ఆ ప్రోగ్రాం ఆగిపోయే చోటు. సరిగ్గా 25 మిల్లీలీటర్ల దగ్గర మిగిలిన ఆమ్లం సున్నా. సున్నాకు లాగరిథం లేదు కనుక కంప్యూటర్ ఎర్రర్ చూపి ఆగిపోతుంది. కోడ్‌లో తప్పు కోసం వెతికిన విద్యార్థికి చివరకు తేలేదేమిటంటే, తాను లెక్కలోకి తీసుకోనిది నీటిని. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు శుద్ధమైన నీటిలో కూడా మోల్‌లో కోటో వంతు హైడ్రోజన్ అయాన్లు ఉంటాయి కాబట్టి అక్కడ పీహెచ్ 7 కావాలి. నీటి అయనీకరణం పాఠం ఎందుకుందో ఇంత స్పష్టంగా చెప్పగల ఉపన్యాసం నాకు తెలియదు.

రసాయన సమతాస్థితి, అంటే ముందుకూ వెనక్కీ జరిగే చర్యల వేగాలు సమానమైన స్థితి, కూడా ఇలాంటిదే. సమతాస్థితి వస్తే చర్య ఆగిపోతుందనే అపోహ పన్నెండో తరగతి దాటినా పోదు. వెయ్యి 'ఎ' అణువులతో మొదలుపెట్టి, ప్రతి అడుగులో ఒక్కో 'ఎ' అణువు 'బి'గా మారే అవకాశం పది శాతం, 'బి' వెనక్కి మారే అవకాశం ఐదు శాతం అని రాయిస్తే, సంఖ్యలు 333, 667ల చుట్టూ నిలకడకు వస్తాయి గానీ కదలడం మానవు. అన్నీ 'బి' అణువులతో మొదలుపెట్టినా చేరేది అక్కడికే.

రెండు జాగ్రత్తలు అవసరం. కోడ్‌ను ఏఐ చేత రాయించుకునే వీలు నేడు ప్రతి విద్యార్థికీ ఉంది కాబట్టి, ప్రోగ్రాం నడిపే ముందే గ్రాఫు ఎలా వస్తుందో నోటుబుక్కులో చేత్తో గీయించాలి. అది తప్పితే ఎందుకు తప్పిందో రాయించాలి. మరొకటి, తెర మీద చూశారు కదా అని యాజమాన్యాలు ల్యాబ్ గంటలను కోయడానికి దీన్ని సాకుగా వాడుకోకూడదు. ఆమ్లం ఘాటూ, పిపెట్ పట్టుకున్న చేతి వణుకూ, రీడింగులో వచ్చే తేడాలూ ఏ ప్రోగ్రాములోనూ దొరకవు. గ్రాఫు గీసిన వారంలోనే అదే టైట్రేషన్‌ను పిల్లలు గాజు పరికరాలతో చేసి, రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టుకోవాలి.

దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. పైథాన్ ఉచితం, ముగ్గురికి ఒక పాత కంప్యూటర్ ఉన్నా సరిపోతుంది. లేనిది సమయం, శిక్షణ. కోడింగ్ రాని కెమిస్ట్రీ ఉపాధ్యాయుల పక్కన కంప్యూటర్ ఉపాధ్యాయులను కూర్చోబెట్టి, పాఠానికి ఒక జంట పీరియడ్ కేటాయిస్తే చాలు. వచ్చే విద్యా సంవత్సరపు టైమ్‌టేబుల్ వేయకముందే ఈ విషయాన్ని తల్లిదండ్రుల సమావేశాల్లో అడగవలసిందిగా, సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్న మనవాళ్లు నెలకొక శనివారం తమ పిల్లల బడికి వెళ్లి ఆ ఉపాధ్యాయులకు సాయపడవలసిందిగా మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను.

ఇట్లు,
ఒక కెమిస్ట్రీ అధ్యాపకురాలు,
బెంగళూరు